ఆరు పాయింట్ ఎనిమిది ఎవరిది

బిలాస్‌పూర్‌లో నేను నాలుగేళ్లున్నాను. బ్యాంకు వాళ్లు రాజమండ్రి నుంచి బదిలీ చేస్తే, తెలియని ఊళ్లో ఒక్కదాన్నే ఎలా ఉండాలా అని దిగులుపడుతూనే రైలు దిగాను. హేమూనగర్‌లో ఇల్లు అద్దెకిస్తామన్న బోర్డు చూసి ఒక గేటు తట్టాను. లోపలి నుంచి లుంగీ, బనీనుతో ఒక పెద్దాయన వచ్చి, నన్నూ నా చేతిలోని తెలుగు అక్షరాల సంచీనీ ఎగాదిగా చూసి, "ఏటమ్మా, మనోలేనా? ఇల్లు సూడ్డానికొచ్చినావేటి?" అన్నాడు. ఆ మాటతోనే ఇల్లు కుదిరిపోయింది.

ఆయన పేరు త్రినాథరావు. ఆయన తండ్రి సోంపేట దగ్గరి పల్లె నుంచి రైల్వేలో ఖలాసీ కూలి పనికి ఈ ఊరొచ్చాడు. ఈయన పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేరి, చిన్న చిన్న స్టేషన్లలో ముప్పై ఆరేళ్లు డ్యూటీ చేసి, రిటైరయ్యాక ఈ ఇల్లు కట్టుకున్నాడు. భార్య ఎప్పుడో పోయింది. కింద ఆయనా, కూతురు కనకమహాలక్ష్మీ. పైన నేను.

కనకానికి అప్పుడు ముప్పై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేనూ అడగలేదు, తనూ చెప్పలేదు. పుట్టింది రైల్వే క్వార్టర్లో. ఇంట్లో తండ్రి తెలుగు, వీధిలో హిందీ. తెలుగు చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కునేది. ఊళ్లోనే కంప్యూటర్ డిగ్రీ చేసి, ఒక ప్రైవేటు రక్తపరీక్షల ల్యాబులో ప్రోగ్రాములు రాసే పనిలో చేరింది. అక్కడ అందరికీ కనక్ మేడమ్.

నెమ్మదితనం అంటే ఆవిడకి పడేది కాదు. కూరగాయలవాడు తూకం వేయడానికి ఆలస్యం చేస్తే తనే రాయి తీసి తక్కెట్లో పెట్టేది. అయితే ఆ తొందర తన కోసం కాదు. ల్యాబు ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్లని చూసి ఉండలేకపోయేది. "అక్కా, తఖత్‌పూర్ నుంచి, కోటా నుంచి ఇక్కడి డాక్టరుకి చూపించుకోడానికి పొద్దున్నే పరగడుపున బస్సెక్కి వస్తారు. రిపోర్టు మూడింటికి గాని చేతికి రాదు. ముసిలోళ్లు ఆ బెంచీ మీదే ఒరిగిపోతారు. బస్సు పోతాది. ఇదంతా నా ప్రోగ్రాం స్లో అవడం వల్లే కదా?" అనేది.

నిజానికి పాత ప్రోగ్రాం ఆవిడది కాదు, అంతకుముందు ఎవరో రాసి వెళ్లిపోయింది. ఇలా నేరుగా వచ్చేవాళ్లు కాక, చుట్టుపక్కల పదకొండు ఊళ్లలో ల్యాబు మనుషులు గొట్టాల్లో రక్తం తీసి డబ్బాల్లో పంపేవారు. రోజుకి నాలుగువందల యాభై గొట్టాలు. ప్రోగ్రాం ఒక్కొక్క గొట్టం తాలూకు అంకెల్ని రక్తం పరీక్షించే యంత్రం నుంచి తెచ్చుకునేది. ఆడవాళ్లకైతే ఇంత, మగవాళ్లకైతే ఇంత అని మామూలు హద్దులు పక్కన వేసేది. పేజీ తయారుచేసి రోగి ఫోనుకి పంపేది. ఒకరిది పూర్తిగా ముగిశాకే రెండోవారిది. ఒక్కొక్కరికి అర నిమిషం. ఆ అర నిమిషంలో కంప్యూటరు చేసే పని తక్కువ, యంత్రం జవాబు కోసమో నెట్ కోసమో ఊరికే ఎదురుచూడటం ఎక్కువ.

"ఆఫీసులో ఒకే గుమాస్తా ఉన్నాడనుకో," అని నాకు విడమర్చి చెప్పింది. "ఒక ఫారం పట్టుకుని సాహెబ్ గది ముందు నిలబడతాడు. సంతకం అయ్యేదాకా రెండో ఫారం ముట్టుకోడు. నేనేం చేస్తున్నానంటే ఎనిమిది మంది గుమాస్తాల్ని పెడుతున్నాను. ఒకడు నిలబడి ఉంటే ఇంకొకడు రాసుకుంటాడు. దాన్నే థ్రెడ్ అంటారు. మనిషి అక్కర్లేదు, కంప్యూటరు కూడా కొత్తది అక్కర్లేదు."

ఒక జూలైలో ఆ మార్పు చేసింది. ముప్పై గొట్టాలతో పరీక్షించింది, అన్నీ సరిగ్గా వచ్చాయి. మూడున్నర గంటల పని అరగంటలో అయిపోయింది. పదకొండున్నరకల్లా బెంచీలు ఖాళీ. ల్యాబు యజమాని కొడుకు మనీష్, వ్యవహారమంతా చూసేవాడు, అందరికీ జిలేబీలు తెప్పించి ఆవిడ పేరు చెప్పి చప్పట్లు కొట్టించాడు. ఆ సంతోషంలో కనకం ప్రోగ్రాంకి ఒక వాక్యం కూడా జోడించింది. అన్ని అంకెలూ హద్దుల్లో ఉంటే రిపోర్టుతో పాటు హిందీలో ఒక కబురు వెళ్లేది: మీ రిపోర్టు నార్మల్, ఆరోగ్యంగా ఉండండి.

మార్చిలో ఫిర్యాదు వచ్చింది. తఖత్‌పూర్ దగ్గరి రైతు దుకాలూరామ్‌కి ఫిబ్రవరిలో వచ్చిన రిపోర్టులో క్రియాటినిన్ ఆరు పాయింట్ ఎనిమిది అని ఉంది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే పరీక్ష అది. మామూలు మనిషికి ఒకటికి అటూ ఇటూ ఉండాలి. ఆరు దాటిందంటే కిడ్నీలు దాదాపు ఆగిపోతున్నట్టే. ఆ మనిషి ఉప్పు మానేశాడు, పొలం మానేశాడు, కొడుకులని పిలిచి అప్పగింతలు పెట్టాడు. మూడు వారాల తర్వాత రాయ్‌పూర్‌లో మళ్లీ పరీక్ష చేస్తే సున్నా పాయింట్ తొమ్మిది. ఏ జబ్బూ లేదు.

మనీష్ కనకాన్ని పిలిచి అడిగాడు: "మేడమ్, మీ సాఫ్ట్‌వేర్‌లో గడబిడ ఏమైనా ఉందా?"

ఆవిడ రెండు రోజులు చూసింది. ప్రోగ్రాం ఏ క్షణంలో ఏం చేస్తోందో తెరమీద రాస్తూ పొమ్మని అడుగడుక్కీ ఒక వరుస జోడించి, పరీక్ష కోసం కల్పించిన పేర్లతో, అంకెలతో వందల రిపోర్టులు మళ్లీ మళ్లీ నడిపింది. ఒక్క తేడా లేదు. "నా ప్రోగ్రాం సరిగ్గానే ఉంది," అని చెప్పింది.

అయితే తప్పు గొట్టాల మీద పేరు చీటీలు అంటించిన మనిషిదే అయ్యుండాలి అనుకున్నారు. ఆ మనిషి నూకరాజు. యాభై నాలుగేళ్లవాడు, ఈ రైల్వే తెలుగువాళ్లలోనే ఒకడు, తఖత్‌పూర్ సెంటర్లో తొమ్మిదేళ్లుగా రక్తం తీస్తున్నాడు. ఒకరి చీటీ ఇంకొకరి గొట్టానికి అంటించాడని అతన్ని పనిలోంచి తీసేశారు. అతను ఏం చెప్పుకున్నాడో ఎవరూ వినలేదు.

ఇదంతా అప్పట్లో నాకు తెలియదు. కనకం చెప్పలేదు. నాకు తెలిసింది ఆగస్టులో, ఒక ఆదివారం పొద్దున. ఇద్దరం బుధ్‌వారీ బజార్‌లో కూరలు కొంటున్నాం. వెనక నుంచి ఎవరో "కనకమ్మా" అన్నారు. సన్నగా, నెరిసిన గడ్డంతో ఒకాయన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కనకం చేతిలోని తోటకూర కట్ట వదిలేసింది.

"నూకరాజు గారూ, బాగున్నారా?"

"ఏటి బాగు. నాన్నగోరు ఎలగున్నారు?" అని మర్యాదకి అడిగి, అతను అసలు సంగతికొచ్చేశాడు. "అమ్మా, నాను కొట్లాటకి రాలేదు. ఒక్క మాట అడుగుతాను. ఆ దినం నా డబ్బాలో అయిదే గొట్టాలు. దుకాలూది కాకుండా నాలుగు. ఆ నలుగురిళ్లకీ నాను తిరిగినాను. నలుగురూ గుండ్రాయిల్లాగున్నారు. ఒకడికీ కిడ్నీ జబ్బు నేదు. నాను సీటీ మార్చీసినాననుకో, మరి ఆ ఆరు పాయింట్ ఎనిమిది ఎవుడిది?"

అతను జేబులోంచి ఫోను తీసి దుకాలూరామ్ రిపోర్టు ఫొటో చూపించాడు. ఆరు నెలలుగా ఆ ఫొటో అతని ఫోనులోనే ఉంది. కనకం దాన్ని మొదటిసారి చూడటం. ఫిర్యాదు వచ్చినప్పుడు అంకె మాత్రమే చెప్పారు, కాగితం ఎవరూ చూపలేదు, ఆవిడా అడగలేదు. ఫోను దగ్గరికి తీసుకుని, వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"నూకరాజు గారూ, ఆ అయిదుగురిలో ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"నేరు. అయిదుగురూ మగోలే. రైస్ మిల్లోలు నలుగురు, దుకాలూ. ఏటి, ఏటయినాది?"

"నాకు రెండు రోజులు టైమివ్వండి," అంది కనకం. కూరల సంచీ అక్కడే వదిలేసి నడిచింది. నేనే తెచ్చాను.

దారిలో ఒక్కటే మాట చెప్పింది. దుకాలూరామ్ రిపోర్టులో ఆరు పాయింట్ ఎనిమిది పక్కన వేసిన మామూలు హద్దులు ఆడవాళ్లవి. మగవాడి పేరు కింద ఆడమనిషి అంకెలున్నాయి. ఆ డబ్బాలో ఆడమనిషి రక్తమే లేదు.

మర్నాడు ల్యాబులో యంత్రం దాచుకున్న ఫిబ్రవరి నాటి అసలు లెక్కలు తీసింది. అవి ప్రోగ్రాం చెయ్యి పడనివి, మార్చిలో ఆవిడ తీసి చూడనివి. ఆ రోజు ఆరు పాయింట్ ఎనిమిది ఒకే ఒక్క గొట్టానికి వచ్చింది. మంగాయమ్మ, యాభై ఎనిమిదేళ్లు, లింగియాడీహ్. దుకాలూరామ్‌కి యంత్రం ఇచ్చింది సున్నా పాయింట్ తొమ్మిది. మంగాయమ్మకి వెళ్లిన రిపోర్టు తీసి చూసింది. సున్నా పాయింట్ తొమ్మిది. కింద ఆరోగ్యంగా ఉండండి అన్న కబురు.

తఖత్‌పూర్ గొట్టమూ లింగియాడీహ్ గొట్టమూ ఒక డబ్బాలో రావు. ఒక మనిషి చేతిలో పడవు. ఆ రెండూ కలుసుకున్నది ఒక్కచోటే, ఆవిడ రాసిన ప్రోగ్రాంలో.

ఎలా జరిగిందో ఆ మధ్యాహ్నానికల్లా తెలిసిపోయింది. ఒక్కొక్క థ్రెడ్ తన పని అవగానే రోగి పేరూ ఫోను నంబరూ ఒక వరసలో పెట్టేది, అంకెల పేజీ ఇంకో వరసలో పెట్టేది. పంపే భాగం మొదటి పేరుకి మొదటి పేజీ, రెండో పేరుకి రెండో పేజీ జతచేసి పంపేసేది. పేరు పెట్టడానికీ పేజీ పెట్టడానికీ మధ్య రెప్పపాటు కూడా లేదు. కానీ ఎనిమిది థ్రెడ్లు ఒకేసారి నడుస్తుంటే, ఎప్పుడో ఒకసారి, ఒకటి పేరు పెట్టి పేజీ పెట్టేలోపు రెండోది దూరి తన పేరూ తన పేజీ పెట్టేస్తుంది. అప్పుడు ఇద్దరి పేజీలు తారుమారవుతాయి. ఆ తర్వాతివన్నీ మళ్లీ సరిగ్గా సాగిపోతాయి. మార్చిలో చూసినప్పుడు ఎందుకు దొరకలేదంటే, అడుగడుక్కీ తెరమీద రాయించడం వల్ల థ్రెడ్లు నెమ్మదించి, ఒకదాని వెనక ఒకటి పద్ధతిగా నడిచాయి.

"నేను చూస్తుంటే అది రాదక్కా," అంది ఆ సాయంత్రం నా గది గుమ్మంలో కూర్చుని. "నేను కళ్లు తిప్పుకుంటే వస్తాది. అన్నాళ్లూ నా వెనకే నిలబడి ఉంది."

ప్రోగ్రాంని ఆ మధ్యాహ్నమే ఆపి పాత పద్ధతికి మార్చేసింది. మర్నాటి నుంచి బెంచీలు మళ్లీ నిండాయి.

మూడో రోజు లింగియాడీహ్ వెళ్లింది. అర్పా నది దాటి, కొత్త అపార్ట్‌మెంట్లకీ పాత పెంకుటిళ్లకీ మధ్య సందులో ఆ ఇల్లు. తలుపు తీసింది మంగాయమ్మ కోడలు శ్వేత. ముప్పై ఏళ్లుంటాయి. మొగుడు రాంప్రసాద్ సీపత్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. కనకం ల్యాబు పేరు చెప్పి, మంగాయమ్మ గారిని చూడాలని అడిగింది.

"అత్తమ్మ లేదు దీదీ," అంది శ్వేత. "జూన్‌లో పోయింది."

లోపలికి రమ్మని టీ ఇచ్చింది. అడక్కుండానే చెప్పుకొచ్చింది. కాళ్లు నీరు పట్టేవి. డాక్టరు కిడ్నీ పరీక్ష రాశాడు. పరీక్ష బాగానే వచ్చింది. అయితే గ్యాస్ అయ్యుంటుందని మాత్రలిచ్చారు. మే నెలలో ఊపిరాడక ఆసుపత్రికి తీసుకెళ్తే, కిడ్నీలు రెండూ పాడైపోయి చాలా కాలమైందన్నారు. పన్నెండు రోజులు బతికింది.

"డాక్టర్లేమో చాలా కాలం అంటారు. ఫిబ్రవరిలో రిపోర్టు నార్మల్. నాకు సమఝ్ కాలేదు దీదీ," అని శ్వేత అత్తగారి ఫోను తెచ్చి చూపించింది. దాన్నింకా ఛార్జింగు పెట్టి ఉంచుతున్నారు. ఆ రిపోర్టు ఉంది, ఆ కబురూ ఉంది. దాని కింద వారం కిందట వచ్చిన ఇంకో కబురు: మంగాయమ్మ గారూ, మీరు పరీక్ష చేయించుకుని ఆరు నెలలైంది, మళ్లీ రండి. అది కూడా కనకం రాసిన ప్రోగ్రామే పంపింది. చచ్చిపోయిన మనిషికి.

కనకం చెప్పలేకపోయింది. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, వస్తానని లేచి వచ్చేసింది.

ఆ తర్వాత ఆవిడ ఇంట్లో తిరుగుతున్నా ఇంట్లో ఉన్నట్టుండేది కాదు. అన్నం కలుపుకుని మరిచిపోయేది. ఫోనులో కబురు చప్పుడైతే ఉలిక్కిపడి బోర్లించేది. పొద్దున ఒకసారి మేడ మెట్ల మీద ఆగి, "కాళ్లు నీరు పట్టినావిడ ఈ మెట్లెక్కగలదా అక్కా?" అని అడిగింది. ఎవరు ఎక్కాలి, ఎందుకు ఎక్కాలి అని నేనడగలేదు. ఆవిడ కళ్లు నా వెనక మెట్ల మీద ఉన్నాయి. నేనూ వెనక్కి తిరిగి చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు తిరిగి చూడకుండా ఉండలేకపోయాను.

తండ్రి కనిపెట్టాడు. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర నన్ను కూడా కూర్చోబెట్టి, "ఏటైనాదే గుంటా, సెప్పు," అన్నాడు. కనకం మొత్తం చెప్పింది. కంప్యూటరు మాటలు ఆయనకి అర్థమవుతాయా అని నేననుకున్నాను. ఆయన మధ్యలో ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఆ పేరూ కాయితం పెట్టీ సోటు, ఒకేపాలి ఇద్దరు దూరకుండా ఏటి అడ్డం పెట్టినావు?"

"ఏమీ పెట్టలేదు నాన్నా. అవసరం లేదనుకున్నాను."

ఆయన చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "సింగిల్ లైన్ కాడ, రాను పోను ఒకటే దారి గదా, మాకు టోకెన్ గోళీ ఉండీది. ఇనుప గోళీ. అది డ్రైవరు సేతిలో ఎడితేనే బండి కదిలీది. ముందెల్లిన బండి అవతలి టేషన్ల గోళీ అప్పజెప్పితే గాని ఇక్కడ మిషన్ల ఇంకోటి ఊడిరాదు. బండి లేటైనా సరే, సాహెబ్ తిట్టినా సరే. టోకెన్ నేకుండా బండిని ఒదిలీసినావే అమ్మీ."

"అవును నాన్నా. దాన్ని మా భాషలో లాక్ అంటారు. రెండు వరుసల ప్రోగ్రాం రాస్తే అయిపోయే పని. రెండు వరుసలు రాయలేదు."

"ఇంకెన్ని బళ్లు గుద్దుకున్నాయో సూసినావా?"

కనకం తలెత్తింది. ఆ ప్రశ్న ఆవిడ మనసులో ఉందనుకుంటాను, కానీ ఎవరో బయటికి అనాల్సి వచ్చింది.

పద్నాలుగు నెలల్లో లక్షా తొంభై వేల రిపోర్టులు వెళ్లాయి. కనకం ల్యాబుకి సెలవు పెట్టి, వాటన్నిటినీ ఇంటి కంప్యూటర్లోకి తెచ్చుకుంది. ప్రతిదాన్నీ తెరిచి యంత్రం లెక్కతో సరిపోల్చే చిన్న ప్రోగ్రాం రాసింది. ఒక్కోదానికి నాలుగు సెకన్లు. ఒకదాని తర్వాత ఒకటిగా నడిపితే తొమ్మిది రోజులు పడుతుంది. థ్రెడ్లు పెట్టి, టోకెన్ కూడా పెట్టి నడిపితే ఒక్క రోజు చాలు. నేను ఆ మాటే అన్నాను.

"తెలుసక్కా. లాక్ పెడితే తప్పు రాదు, అదీ తెలుసు. నా చెయ్యి ఆడట్లేదు."

తొమ్మిది రోజులూ దాన్ని ఒకే ఒక్క థ్రెడ్‌తోనే నడిపింది. తేడా దొరికినప్పుడు తెరమీద రెండు పేర్లు పడేలా రాసింది. జీవితంలో దేనికీ ఆగని మనిషి కుర్చీలో కూర్చుని, లక్షా తొంభై వేల పేర్లు ఒక్కొక్కటిగా కదులుతుంటే చూస్తూ ఉంది. పొద్దున నేను బ్యాంకుకి వెళ్తూ చూస్తే అలాగే ఉండేది, సాయంత్రం వచ్చేసరికీ అలాగే ఉండేది. ఒక్కోరోజు ఏదీ పడేది కాదు. ఒక్కోరోజు ఒక జత. అయిదో రోజున మంగాయమ్మ, దుకాలూరామ్ అన్న పేర్లు పక్కపక్కన పడ్డప్పుడు ముందే తెలిసి కూడా లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది.

మొత్తం పన్నెండు జతలు. ఇరవై నలుగురు.

ఆ పేర్లు రాసుకున్న కాగితం పట్టుకుని మనీష్ దగ్గరికి వెళ్లింది. అతను చెడ్డవాడేం కాదని కనకం ఇప్పటికీ అంటుంది. భయపడ్డాడు. "లక్షా తొంభై వేలల్లో ఇరవై నాలుగా మేడమ్? ఎవరూ అడగలేదు కదా, మనమెందుకు కెలుక్కోవడం? సరిచేసేశారు కదా, ఛోడియే, వదిలేయండి," అన్నాడు. నూకరాజు మాటెత్తితే లాయరుని అడగాలన్నాడు.

కనకం బల్ల దగ్గరికి వచ్చి మూడు ఉత్తరాలు రాసింది. ఒకటి ల్యాబుకి, జరిగిందంతా, పేర్లతో సహా. ఒకటి జిల్లా ఆరోగ్యశాఖకి. మూడోది నూకరాజు చేతికివ్వడానికి, తప్పు అతనిది కాదనీ తన ప్రోగ్రాందనీ, తను సరిగ్గా చూడకుండా చెప్పిన మాట వల్లే అతని ఉద్యోగం పోయిందనీ. సంతకం పెట్టింది. ఆ సాయంత్రమే ఆవిడని పనికి రావద్దన్నారు.

తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్లు చేసింది. చాలామందికి పెద్ద తేడా ఏమీ జరగలేదు. ఎవరికో లేని షుగరుకి రెండు నెలలు మాత్రలు మింగించారు. ఇంకొకరికి థైరాయిడ్ ఉన్నా లేదన్నారు. కొందరు తిట్టారు, కొందరు నవ్వారు, ఒకాయన ఆశీర్వదించాడు. దుకాలూరామ్ మాత్రం, "నాది ఎవరికి వెళ్లింది బేటీ?" అని అడిగాడు. చెప్పింది. "నేను చస్తానని నలభై ఎకరాల గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపు ఆవిడదన్నమాట," అన్నాడట.

లింగియాడీహ్ ఆఖరికి పెట్టుకుంది. నన్ను తోడు రమ్మంది. రాంప్రసాద్ కూడా ఇంట్లో ఉన్నాడు. కనకం కూర్చోలేదు. నిలబడే, ఎక్కడా ఆగకుండా, తనను వెనకేసుకురాకుండా చెప్పింది. రాంప్రసాద్ లేచి బయటికి వెళ్లిపోయాడు. పెరట్లో ఏదో బకెట్టుని తన్నిన చప్పుడైంది.

శ్వేత కదల్లేదు. కూర్చున్నచోటే నెమ్మదిగా మొదలుపెట్టింది.

"రిపోర్టు వచ్చిన వారానికి అత్తమ్మ కాళ్లు బరువుగా ఉన్నాయంది. నీళ్ల బిందె ఎత్తలేనంది. నేనేటన్నానో తెలుసా దీదీ? సబ్ నార్మల్ హై, ఫోన్లో చూడు, పని తప్పించుకోడానికి నాటకాలాడకు అన్నాను. ఆ ఫోన్ తీసి మొహం మీద పెట్టి చూపించాను. అత్తమ్మకి చదవడం రాదు. అప్పటి నుంచి చెప్పడం మానేసింది. బిందె ఎత్తింది. మే వరకూ ఎత్తింది."

కనకం చేతులు జోడించబోతే శ్వేత ఆ చేతులు పట్టుకుని కిందికి దించేసింది.

"మీరొచ్చి చెప్పుకున్నారు. నేను ఎవరికి చెప్పుకోవాలి?"

బయటికొస్తుంటే రాంప్రసాద్ గేటు దగ్గర అడ్డం నిలబడి, కేసు వేస్తానన్నాడు. "వెయ్యండి. సాక్ష్యం నేనే చెబుతాను," అంది కనకం. అలాగే జరిగింది. ఆ కేసు ఇంకా నడుస్తోంది. ప్రతి వాయిదాకీ కనకం వెళ్తుంది, రాంప్రసాద్ వైపు బల్ల మీద కూర్చుంటుంది. వాళ్లు ఆవిడతో మాట్లాడరు. శ్వేత ఒకసారి మంచినీళ్ల సీసా మాత్రం జరిపింది.

ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చి ల్యాబులో కాగితాలు తీసుకెళ్లారు. నూకరాజు ఆ ఉత్తరం చూపించి ఇంకో ల్యాబులో చేరాడు. ఉత్తరం ఇచ్చిన రోజు అతను రెండుసార్లు చదువుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "ఆరు నెలలు మా ఇంటిది కూడా నన్ను నమ్మలేదమ్మా," అని మాత్రం అన్నాడు. కనకం ఇప్పుడు రెండు మూడు చోట్ల చిన్న పనులు చేస్తుంది. థ్రెడ్లు కూడా రాస్తుంది, మానలేదు. టోకెన్ పెట్టిన చోటల్లా ఇంకొకరిని కూర్చోబెట్టి చదివించి గాని వదలదు.

ఇరవై నలుగురిలో ఇరవై ముగ్గురు దొరికారు.

దొరకనిది సుఖ్‌మతి బాయి. ముప్పై ఒక్క ఏళ్లు, సీపత్ సెంటర్లో రక్తం ఇచ్చింది. యంత్రం చెప్పిన హిమోగ్లోబిన్ నాలుగు పాయింట్ తొమ్మిది. ఒంట్లో ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ఆవిడకి వెళ్లిన రిపోర్టులో పన్నెండు పాయింట్ రెండు, కింద ఆరోగ్యంగా ఉండండి. ఫోను పనిచేయడం లేదు. మేం ఇద్దరం రెండు ఆదివారాలు సీపత్ వెళ్లాం. ప్లాంటు గోడ వెనక కూలీల రేకుల గుడిసెలున్నాయి. ఇటుకలు మోసే ముఠాలో ఉండేదని ఒకామె చెప్పింది. ముఠా వెళ్లిపోయింది. ఝార్సుగూడ వైపని ఒకరు, నాగ్‌పూర్ వైపని ఇంకొకరు. కడుపుతో ఉండేదని మరొకామె అంది, కాదు అది వేరే సుఖ్‌మతి అంది ఇంకొకామె. ఉందో లేదో చెప్పగలిగినవాళ్లు ఎవరూ కనిపించలేదు. ఆ తర్వాత కనకం ఒక్కతే వెళ్లడం మొదలుపెట్టింది.

కిందటి ఏడాది నాకు మళ్లీ బదిలీ అయింది. పగటి బండి. కనకం స్టేషనుకి వచ్చింది. బండి ఇంకా రాలేదు. అవతలి ప్లాట్‌ఫారం మీద పాసింజరు ఆగి, మూటలూ తట్టలూ గమేళాలూ పట్టుకుని ఒక కూలీల గుంపు దిగింది. అందులో ఒకామె నాలుగడుగులు వేసి, మూట కింద పడేసి దాని మీదే కూలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుంది. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, అంత దూరం నుంచీ నాకే కనిపించింది.

కనకం నా సూట్‌కేసు వదిలేసి వంతెన మెట్లెక్కి పరుగెత్తింది. అవతల ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏదో అడగడం చూశాను. పేరు అడిగి ఉంటుంది. ఆమె తల అడ్డంగా ఊపింది. కనకం లేవలేదు. ఆమె కింది రెప్ప వేలితో లాగి చూసింది, అరచేయి తిప్పి చూసింది, బ్యాగులోంచి కాగితం తీసి ఏదో రాయసాగింది.

ఇంతలో మా బండి మధ్యలోకి వచ్చి ఆగింది. ఎక్కి, అటువైపు కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను. ఇద్దరూ లేచి, మూట చెరోవైపు పట్టుకుని, బయటికి పోయే గేటు వైపు చాలా మెల్లగా నడుస్తున్నారు.